జట్టు నుంచి జట్టుకు, ఆట నుంచి శిక్షణకు

కెనడాలో మంచు మీద హాకీ ఆడేవాళ్లలో కొందరు క్లబ్బులు మారుతూ, చివరికి కోచ్‌లుగా స్థిరపడతారు. మన దగ్గర మంచెక్కడిది గానీ, అలాంటి జీవితం హైదరాబాదు ఫుట్‌బాల్‌లో ఉంది. ఆయనే సయ్యద్ నయీముద్దీన్.

1944లో పుట్టిన నయీమ్, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో ఆడి కలకత్తా చేరారు. అక్కడ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్, మూడింటికీ ఆడారు. ఒక క్లబ్బు వదిలి ఎదుటి క్లబ్బుకు వెళ్తే అభిమానులు ఊరుకోని ఊరది! డిఫెండర్‌గా ఆయన ఎంత గట్టివారంటే, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు ఆయనే కెప్టెన్. జపాన్‌ను ఓడించి కాంస్యం తెచ్చారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు అదే ఆఖరి పతకం. అదే ఏడాది అర్జున అవార్డు వచ్చింది.

కోచ్‌గా మాత్రం ఆయనతో వేగడం కష్టంగానే ఉండేది. క్రమశిక్షణ విషయంలో రాజీ ఉండేది కాదు. పేరున్న ఆటగాడైనా సరే. నా దృష్టిలో ఆ మొండితనమే ఆయన బలం. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడు టోర్నీలూ గెలిచింది. 2005లో ఆయన శిక్షణలోనే కరాచీలో భారత్ దక్షిణాసియా దేశాల శాఫ్ కప్ ఎత్తింది. తర్వాత బంగ్లాదేశ్ జాతీయ జట్టుకూ శిక్షణ ఇచ్చారు.

1990లోనే ద్రోణాచార్య పురస్కారం ఆయనకు దక్కింది. ఫుట్‌బాల్‌కు ఆ గౌరవం అందడం అదే మొదటిసారి.