దుఆతోపాటు దవా

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా, ఈ మాటలను ఇంట చదువబోయే తల్లులారా!

మన కూచిపూడి పరిసరాలలో ఎవరికైనా జ్వరం వస్తే ఆ పూటే వైద్యునివద్దకు తీసుకువెళతాము. విజయవాడ హాస్టలులో ఇంటర్ చదివే అబ్బాయి సెలవులకు వచ్చి, నిద్రాహారాలు మాని, తలుపు వేసుకొని కూర్చుంటే మాత్రం గాలి సోకిందని తాయెత్తు కడతాము. లేదా నమాజు సరిగా చేయనందుకే ఈ దిగులు అని తీర్పు చెబుతాము. ఈ రెండవ మాట మొదటిదానికన్నా లోతుగా గాయపరుస్తుంది.

దివ్యఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరాను పరిశీలించండి. కుమారుని ఎడబాటు వలన హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కన్నులు తెల్లబడిపోయాయి. ఆయన ప్రవక్త. ఆయన ఈమాన్‌ను శంకించగలవారెవరు? ఇంకా యూసుఫ్‌నే తలచుకొంటూ కృశించిపోతావా అని కన్నకుమారులే విసుక్కున్నారు. ఆయన తన వేదనను అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు. అల్లాహ్ ఆ కన్నీటిని తప్పుపట్టలేదు. మన ఇండ్లలో నేటికీ విసుక్కునేవారే ఎక్కువ.

వైద్యం చేయించుకోవచ్చునా అని ఎడారివాసులు అడిగినప్పుడు దైవప్రవక్త (సఅసం) చేయించుకొమ్మనే సెలవిచ్చారు. వార్ధక్యం తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు ఉంచాడని తెలిపారు. మనోవ్యాధిని మినహాయించలేదు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన వైద్యశాలలో మనోరోగులకూ చోటుండేది.

అటువంటి వారసత్వంనుండి మనమెంత జారిపోయామో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో తెలిసింది. దర్గా సమీపాన రోగులను ఉంచిన పాకకు తెల్లవారకముందే నిప్పంటుకున్నది. గొలుసులతో కట్టివేసి ఉన్నందున పారిపోలేక 28 మంది మరణించారు. వారిలో ఎందరినో స్వస్థత కలుగుతుందనే ఆశతో సొంతవారే అక్కడికి తెచ్చారు. నన్ను అన్నిటికన్నా కలచివేసేది అదే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. ఆత్మహత్యకు యత్నించి బ్రతికినవారిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవారిగా భావించి, శిక్షించక, ఆదరించాలని అదే చట్టం చెబుతుంది. కనుక కేసు అవుతుందని భయపడి ఆసుపత్రికి వెళ్ళడం ఆలస్యం చేయకండి.

భాష సంగతి కూడా చెప్పాలి. ఇంట ఉర్దూలో "దిల్ ఘబ్రా రహా హై" అని పదిసార్లు అనే అమ్మ, వైద్యుని ముందు తెలుగులో "ఛాతీ నొప్పి" అని ఊరుకుంటుంది. గుండె పరీక్షలు జరుగుతాయి, దిగులు అలాగే ఉండిపోతుంది. వెంట వెళ్ళినవారు ఆమె మాటను ఉన్నదున్నట్లు వైద్యునికి వినిపించాలి. విజయవాడ ప్రభుత్వ సాధారణ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగమున్నది. ప్రయాణం కష్టమైతే 14416 నంబరుకు ఫోను చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ. రాత్రింబవళ్ళు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

రంజాన్ రాగానే కొందరు ఉపవాసం కోసం మాత్రలను తమంతట తామే మానివేస్తారు. ఇది ప్రమాదకరం. కొన్ని మందులను సహరీ, ఇఫ్తార్ వేళలకు మార్చుకోవచ్చు, కొన్నిటిని మార్చరాదు. లిథియం వాడేవారికి ఒంట్లో నీరు తగ్గడమే హానికరం. షాబాన్ నెలలోనే వైద్యుణ్ణి సంప్రదించండి. ఆయన ఉపవాసం వద్దంటే మానండి. రోగికి ఆ రాయితీని అల్లాహ్‌యే ఇచ్చాడు. కోలుకున్నాక ఆ రోజులు పూర్తి చేయవచ్చు, కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా ఉన్నది. ఇందులో సిగ్గుపడవలసినది లేదు.

ఇక ఇంటివారి పని. బంధువులలో ఎవరైనా మరణిస్తే హజ్రత్ ఆయిషా (రజి) తల్‌బీనా, అనగా యవపిండి జావ, కాయించి దుఃఖంలో ఉన్న స్త్రీలకు పెట్టించేవారు. అది రోగి హృదయానికి ఊరటనిస్తుందని, కొంత దుఃఖాన్ని తొలగిస్తుందని దైవప్రవక్త (సఅసం) చెప్పగా విన్నానని ఆమె తెలిపేవారు. ఆ తలుపు వేసుకొన్న అబ్బాయి వద్దకు ఈ సాయంత్రం ఏదైనా వేడిగా చేసి తీసుకువెళ్ళండి. చదువు సంగతి ఎత్తకుండా కాసేపు ప్రక్కన కూర్చోండి. రేపు అతనితోపాటు వైద్యునివద్దకు వెళ్ళండి.

యా అల్లాహ్! మూసిన తలుపుల వెనుక కుమిలిపోతున్న మా బిడ్డలకు స్వస్థత ప్రసాదించు. వారి మాట వినే ఓపికను మాకు ప్రసాదించు. ఆమీన్.