ఇన్‌హేలర్ అంటే జంకెందుకు?

సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు పూర్తిగా నయమయ్యేది కాదు. పొగాకు పొగో, కట్టెల పొయ్యి పొగో ఏళ్ల తరబడి దెబ్బతీసిన ఊపిరితిత్తులు మునుపటిలా కావు. మరి నయం కానిదానికి మందెందుకంటారా? ఆయాసం తగ్గడానికి, ఆస్పత్రి పాలు కాకుండా ఉండడానికి. అయినా ఇన్‌హేలర్ అలవాటైపోతుందని బెజవాడలోనూ, దివిసీమ పల్లెల్లోనూ జంకేవారున్నారు. నిజానికి మాత్రలోని మందు ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. ఇన్‌హేలర్ మందు నేరుగా అక్కడికే పోతుంది. అందుకే ఆయాసం తగ్గించే 2 మిల్లీగ్రాముల సాల్బుటమాల్ మాత్రతో పోలిస్తే, ఒక్కసారి పీల్చే మందు ఇరవయ్యో వంతే. రోజూ వాడాల్సి రావడం జబ్బు తీరు, మందు మత్తు కాదు.

ఆయాసమని మంచానికే అంటుకుపోతే కండలు కరిగి ఆయాసం ఇంకా పెరుగుతుంది. అందుకే నడక మానకండి; వరిగడ్డి తగలబెట్టే రోజుల్లో ఇంట్లోనే నడవండి. చుట్ట మానండి. ఇన్‌హేలర్ ఎలా పీలుస్తున్నారో ఈసారి డాక్టరు ఎదుటే చేసి చూపించండి.