పడవలో కాపురం



విదేశాల్లో కొందరు చిన్న మోటారు బండినే ఇల్లు చేసుకుని, పిల్లాపాపలతో ఊరూరా తిరుగుతుంటారని మీరు వినే వుంటారు. మంచం, పొయ్యి, నీళ్ళ తొట్టి అన్నీ అందులోనే. వినడానికి విచిత్రంగా వుంటుంది. కాని యానాం అగ్రహారంలో వుండే మనకు గౌతమి ఎంతో దూరం కాదు. ఈ గోదావరి మీద చేపలు పట్టుకునే కుటుంబాలు కొన్ని నెలల తరబడి పడవలోనే కాపురం వుంటాయి. మనం చూసి కూడా చూడని కాపురం అది.

ఆ పడవలో ఎవరి చోటు వారిది. పొయ్యి ఒక కొసన, వల ఇంకో కొసన, మధ్యన గూడు కింద పక్కలు. వండడం అయ్యాకే పక్క పరవాలి. పక్క ఎత్తాకే వల తియ్యాలి. తీసిన వస్తువు తీసిన చోటే పెట్టాలి, లేకపోతే చీకట్లో కాలికి తగులుతుంది. చుట్టూ నీళ్ళే అయినా తాగే నీళ్ళు బిందెల్లో దాచుకోవాలి. ఎండాకాలంలో సముద్రపు పోటుకి ఇక్కడి నది నీరు ఉప్పు తేలుతుంది మరి.

వస్తువులు సర్దుకోవడం నాలుగు రోజుల్లో వస్తుంది. మనసు సర్దుకోవడమే కష్టం. ఇంట్లో అయితే కోపం వస్తే వీధిలోకి పోతాం. పడవలో ఎక్కడికి పోతారు? అందుకే చోటు చిన్నదైనప్పుడు మాట పెద్దది కాకూడదు. కోడలికి చాటు కావలసినప్పుడు మామగారు అడక్కుండానే ఒడ్డుకు దిగాలి. పసివాడు ఏడిస్తే అందరి నిద్రా పోతుంది కనుక ఎత్తుకోవడం తల్లి ఒక్కదాని పని అనుకోకూడదు.

ఇక వరద సంగతి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇస్తారు. పడవ కుటుంబం రెండో హెచ్చరిక దాకా ఆగకూడదు. 2022 జూలైలో వరద యానాం వీధుల్లోకే వచ్చింది. ఆ రోజుల్లో ఇల్లు వదిలి ఒక్క గదిలో పదిమందితో తలదాచుకున్న వారికి ఇరుకు కాపురం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పిల్లల చదువు. పడవలో పెరిగిన బిడ్డకు ఈత వస్తుంది, వల అల్లడం వస్తుంది. అక్షరం మాత్రం ఒడ్డునే వుంది. ఈ రేవు పుదుచ్చేరిది, ఆ రేవు ఆంధ్రది. పడవకు హద్దు లేదు కాని బడి రిజిస్టరుకు వుంది. అమ్మమ్మ దగ్గర వదిలితే బిడ్డకు బెంగ, వెంట తీసుకుపోతే చదువుకు గండి. ఏ తల్లికైనా ఇది చిన్న విషయం కాదు.

ఆ తల్లులకు ఒక మాట తెలియాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ బిడ్డను ఏడాది మధ్యలో తెచ్చినా ప్రభుత్వ బడిలో చేర్చుకోవాలి. పాత బడి నుంచి టి.సి. రాలేదనో, వయసు కాగితం లేదనో వెనక్కి పంపకూడదు. వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి.

ఈసారి మీ రేవులో అలాంటి పడవ కనిపిస్తే చేపల ధర ఒక్కటే అడిగి రాకండి. పిల్లవాడు ఏ బడికి వెళుతున్నాడో కూడా అడగండి. వెళ్ళడం లేదంటే దగ్గరి బడికి మీరే తోడు వెళ్ళండి.