ఇంట్లో ఏముంది? ఒక నెల లెక్క రాద్దాం

(కోలారు బంగారు గనుల ప్రాంతంలో జనవరిలో జరిగిన కుటుంబ కూడికలో చేసిన ప్రసంగం)



క్రిస్మస్ అయిపోయింది. కొత్త సంవత్సరం ఆరాధనా అయిపోయింది. ఇంటి మీద నక్షత్రం ఇంకా దించలేదు కానీ, కుదవ అంగడి చీటీ మాత్రం బీరువాలోకి చేరిపోయింది. నవ్వుతున్నారంటే మీ ఇంట్లోనూ ఉందన్నమాట. మా ఇంట్లోనూ ఉంది.

మన తాతలు చిత్తూరు, ఆర్కాటు వైపు నుంచి వచ్చి ఇక్కడ బంగారం తవ్వారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటి నుంచి మనలో ఎంతోమంది తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి, చీకటి పడ్డాక ఇల్లు చేరుతున్నారు. అంత కష్టపడి తెచ్చిన జీతం పదో తేదీకల్లా ఎటు పోతోంది? అది తెలుసుకోవడానికి ఒక నెల తీసుకుందాం.

ఒక మాట ముందే చెప్పాలి. టీ తాగినందువల్ల ఎవరూ పేదవాళ్లు కాలేదు. చాలని జీతం, ఖాయం కాని పని, ఆసుపత్రి ఖర్చు మనల్ని ఇక్కడికి తెచ్చాయి. వాటి మీద పోరాటం ఆగదు. కానీ తన అప్పెంతో తనకే తెలియని మనిషి యజమాని ముందు గట్టిగా నిలబడలేడు. ఎంత తక్కువ ఇచ్చినా తలూపాల్సి వస్తుంది. అందుకే ఇంటి లెక్క కూడా న్యాయానికి సంబంధించిన విషయమే.

రెండవ రాజులు 4వ అధ్యాయంలో ఒక విధవరాలు ఉంది. ఆమె భర్త ప్రవక్తల శిష్యుడు. అంటే అప్పులపాలైంది సేవకుని కుటుంబమే. అప్పులవాడు ఇద్దరు కొడుకుల్ని తీసుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా ఆమెను తిట్టలేదు, ఎందుకు అప్పు చేశావని నిలదీయలేదు. నీ ఇంట్లో ఏముందని అడిగాడు. నూనె నిండాక చెప్పిన వరుస చూడండి: అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ పిల్లలూ బ్రతకండి.

మేమూ ఒక నెల ఇలా కూర్చున్నాం. మొదటి వారం ఏదీ తగ్గించలేదు, రాశామంతే. రాత్రి భోజనం తర్వాత పిల్లల పాత నోటుపుస్తకంలో ఆ రోజు ఖర్చు మొత్తం రాశాం. ఆటోకిచ్చిన ఇరవై కూడా.

రెండో వారం అప్పులు రాశాం. ఎవరి దగ్గర, ఎంత, ఏ వడ్డీకి, దేనికోసం. అక్కడే చెయ్యి ఆగింది. మా ఇద్దరిలో ఒకరి అప్పు ఇంకొకరికి తెలియదు. బంధువుల పెళ్లికి 20,000 రూపాయలు, నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చినది. ఆ రాత్రి మా ఇంట్లో కుటుంబ ప్రార్థన జరగలేదు. మరుసటి రోజు మాట్లాడుకున్నాం. కోపం అప్పు మీద కాదు, దాచడం మీద.

లెక్క కట్టి చూస్తే నెలకు వడ్డీ 1,000 రూపాయలు. ఇరవై నెలలు కడితే అసలంత వడ్డీ పోతుంది, అసలు అసలుగానే ఉంటుంది. గాజులు బ్యాంకులో పెట్టి, సుమారు రూపాయి వడ్డీకి తెచ్చి ఆ బాకీ తీర్చేశాం. వెయ్యి పోయేచోట రెండు వందలు. పిల్లల పాలు తగ్గించినా ఎనిమిది వందలు మిగిలేవి కావు.

కాబట్టి మూడో వారం తగ్గించేటప్పుడు పాలు, గుడ్లు, మందులు, బడి ఫీజు ముట్టుకోవద్దు. ముందు వడ్డీని పట్టుకోండి. తర్వాత ఈఎంఐ మీద కొన్న ఫోను, ఎవరూ చూడని రీఛార్జి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నిమిషంలో డబ్బులిస్తామనే లోన్ యాప్‌కు మీ ఫోన్‌లోని నంబర్లన్నీ అప్పగించవద్దు.

నాలుగో వారం కాగితాలు. పాస్‌బుక్కులో నామినీ పేరు ఉందా చూడండి. ఏడాదికి 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలకు 2 లక్షల జీవిత బీమా బ్యాంకులోనే ఉన్నాయి. రోజూ రైల్లో పోయేవాళ్ల ఇళ్లలో ఇది తప్పక ఉండాలి.

అక్కల్లారా, గ్రూపు లోన్ల విషయం. 2022 రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అన్ని కంతులూ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం దాటేలా మైక్రోఫైనాన్స్ లోన్ ఇవ్వకూడదు. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలుకు రాకూడదు, ఫోన్ చేయకూడదు. బెదిరింపు వసూళ్ల మీద కర్ణాటకలో 2025లో చట్టం వచ్చింది. కంతు తప్పితే మనం బాకీదారులమే కానీ దొంగలం కాము. గుమ్మం ముందు ఎవరైనా అరిస్తే తలుపు వేసుకుని ఏడవొద్దు, మమ్మల్ని పిలవండి. పది మందిమి వచ్చి నిలబడతాం.

చివరి మాట మా మీద మేము చెప్పుకోవాలి. నెహెమ్యా 5వ అధ్యాయంలో జనం అప్పుల గోడు చెప్పుకున్నప్పుడు, నెహెమ్యా ఇతరులను గద్దించి ఊరుకోలేదు. తానూ తనవాళ్లూ అప్పిచ్చినవాళ్లలో ఉన్నామని ఒప్పుకొని, ఇక ఆపుదామన్నాడు. మేమూ ఒప్పుకుంటున్నాం. కృతజ్ఞతార్పణలు పేరూ మొత్తమూ చదివి వినిపించాం. అది విని వడ్డీకి తెచ్చి కానుక ఇచ్చినవాళ్లున్నారు. బాప్తిస్మానికి బిర్యానీ పెట్టకపోతే చిన్నతనమనుకునేలా చేశాం. ఇకమీదట మొత్తాలు చదవం. బాప్తిస్మం రోజు అందరికీ సంఘమే టీ, బన్ను ఇస్తుంది.

ఈ రాత్రి ఒక నోటుపుస్తకం తీయండి. ఇంట్లో అందరూ కూర్చోండి, పిల్లలు కూడా. నెల తర్వాత మళ్లీ ఇక్కడే కలుద్దాం. ఎవరి లెక్కా ఎవరికీ చూపించనక్కర్లేదు. ఇంట్లో దాచిన అప్పు ఇంట్లోవాళ్లకు తెలిసిందని చెప్పగలిగితే చాలు, దానికే దేవుణ్ణి స్తుతిద్దాం.