ఇంటర్వ్యూకు ఇంట్లోనే సిద్ధం కావాలి

(రాజంపేటలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెప్పేశారు గనుక నేను ఆ జోలికి పోను. మన మనుమలు, మనుమరాళ్లు వెళ్లే ఉద్యోగ ఇంటర్వ్యూల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సర్వీసులో ఉండగా కొన్నేళ్లు ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నవాణ్ణి కాబట్టి ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందుగా ఒక హెచ్చరిక. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సి పోస్టులకు, గ్రూప్ బిలో గెజిటెడ్ కాని పోస్టులకు 2016 జనవరి 1 నుండి ఇంటర్వ్యూలు ఎత్తివేశారు. "ఇంటర్వ్యూలో మా మనిషి ఉన్నాడు, చూసుకుంటాం" అని అలాంటి పోస్టుకు ఎవరైనా డబ్బు అడిగితే, లేని ఇంటర్వ్యూకు అడుగుతున్నాడని గ్రహించండి. గ్రాట్యుటీ సొమ్ము అటువంటివాళ్ల చేతిలో పోయకండి. ఇంటర్వ్యూ ఉన్నచోట మాత్రం దాని బరువు తక్కువేమీ కాదు. సివిల్ సర్వీసుల్లో అది 275 మార్కులు, బ్యాంకు పి.ఓ.కు 100 మార్కులు. ప్రైవేటు కంపెనీల్లో చాలాచోట్ల అదే ఆఖరి మెట్టు.

ఎక్కడికి పోయినా మొదటి ప్రశ్న ఒకటే: "మీ గురించి చెప్పండి." మన పిల్లలు పేరు, తండ్రి పేరు, చదువు, మార్కులు వరుసగా అప్పజెబుతారు. అవన్నీ బోర్డువారి ముందున్న కాగితంలోనే ఉంటాయి. కాగితంలో లేనిది చెప్పాలి. ఒకబ్బాయి తన హాబీ పుస్తక పఠనం అన్నాడు. ఈమధ్య చదివిందేమిటంటే నోరు పెగల్లేదు. అదేరోజు వచ్చిన ఒకమ్మాయి, వాళ్లమ్మ ఉన్న డ్వాక్రా సంఘం లెక్కలు తానే రాస్తానంది. ఇక బోర్డంతా ఆమెనే అడిగాం. కంతు కట్టలేని సభ్యురాలిని ఏం చేస్తారు, వడ్డీ ఎట్లా లెక్కిస్తారు అని పది నిమిషాలు సాగింది. ఏ కోచింగ్ సెంటరూ నేర్పని జవాబులు అవి. మీ పిల్లవాడు కోడూరు దగ్గర అరటితోటలో గెలలు లెక్కబెట్టి లారీకి ఎత్తించి ఉంటే అదే చెప్పమనండి. సిగ్గుపడేది ఏముంది?

తర్వాతది ఊరి ప్రశ్న. "రాజంపేటా? ఏముంది అక్కడ?" అంటారు. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక పక్కనే ఉందని ఎవరైనా చెబుతారు, అక్కడితో ఆగిపోతారు. మంగంపేట బెరైటీసు ఎందుకు పనికొస్తుందంటే తెలియదు. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదకు బరువు కోసం ఆ పొడిని కలుపుతారు. 2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు ఎందుకు తెగిందంటే, దేవుడి మీద నెట్టరాదు. గేట్ల గుండా వదలగలిగిన దానికంటే ఎక్కువ వరద వచ్చి మట్టికట్ట కోసుకుపోయిందని, పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్లు దెబ్బతిన్నాయని చెప్పగలగాలి. 2022లో అన్నమయ్య జిల్లా ఏర్పడినపుడు కేంద్రం రాయచోటికి ఎందుకు పోయిందని గిల్లే సభ్యులూ ఉంటారు. అక్కడ ఆవేశపడక రెండువైపుల వాదనలూ చెప్పాలి. (మన సమావేశాల్లో మనమే ఆ పని చేయలేకపోయాం, అది వేరే సంగతి.)

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇది: "అస్సాంలో పోస్టింగు ఇస్తే పోతావా?" పిల్లవాడు ఠక్కున పోతానంటాడు. ఆర్డరు వచ్చాక ఇంట్లో ఏడుపులు. ఆడపిల్లలనైతే "పెళ్లయితే మానేస్తావా?" అని కూడా అడిగేవారున్నారు. అడగదగిన ప్రశ్న కాదని నా అభిప్రాయం, అయినా అడుగుతారు. దీనికి జవాబు పిల్లది కాదు, మనది. దరఖాస్తు పెట్టేనాడే ఇంటిల్లిపాదీ కూర్చొని ఎంతదూరం పంపుతామో తేల్చుకోవాలి. ఇంట్లో తేలిన మాటను పిల్ల తడబడకుండా చెబుతుంది. తేలనిదాన్ని ఎంత బట్టీపట్టినా ముఖం పట్టిస్తుంది.

డిగ్రీ తర్వాత రెండేళ్లు ఖాళీగా ఎందుకున్నావంటే ఉన్నదే చెప్పాలి. నాన్నకు జబ్బు చేస్తే కొట్టు చూసుకున్నానంటే ఏ బోర్డూ తప్పుపట్టదు. తెలియనిదానికి "తెలియదండీ" అంటే చాలు. ఇంగ్లీషు భయం గురించి ఒక మాట. సివిల్స్ ఇంటర్వ్యూను తెలుగులో కోరుకోవచ్చు. శ్రీకాకుళం జిల్లా పారసంబకు చెందిన రోణంకి గోపాలకృష్ణ తెలుగులోనే పరీక్షలు రాసి, 2017 ఫలితాల్లో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. బ్యాంకులకు, కంపెనీలకు మాత్రం ఇంగ్లీషు తప్పదు. రోజూ అరగంట ఇంట్లో గట్టిగా మాట్లాడాలి, నవ్వకుండా వినే తాతలు కావాలి.

సర్టిఫికెట్లలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూడండి. సర్వీసు రిజిస్టర్లలో ఒక్క అంకె తేడాకు ఎన్నేళ్లు తిరగాల్సి వచ్చేదో మీకు నేను చెప్పాలా?

వచ్చే ఆదివారం నుండి ఉదయం పది గంటలకు మన సంఘం గదిలో మేం నలుగురం కూర్చుంటాం. పిల్లలను దరఖాస్తు నకలుతో పంపండి. ప్రశ్నలు మేం అడుగుతాం. మీరు మాత్రం తలుపు బయటే ఉండాలి. పక్కనుంటే జవాబులు మీరే చెప్పేస్తారు. సెలవు.