గులాబీకి కత్తెర: ఎప్పుడు, ఎలా?



నేను ముప్ఫై నాలుగేళ్ళు గుమాస్తాగా పనిచేసినవాడిని. మొక్కల శాస్త్రం చదువుకోలేదు. హైదరాబాదులో మా మేడమీద కుండీల్లో పదకొండు గులాబీలుండేవి. అన్నీ మా ఆవిడ కడియం నుండి తెప్పించి పెంచినవే. ఏటా దసరా వెళ్ళగానే ఆమె కత్తెర పట్టుకునేది. "పచ్చటి కొమ్మలు కోస్తావేమిటే!" అని నేను అడ్డుపడేవాణ్ణి.

ఆమె పోయాక రెండేళ్ళు వాటిమీద కత్తెర పడనివ్వలేదు. ఆమె చేతి మొక్కలు కదా అని జాలి. కొమ్మలు సన్నగా సాగాయి. పూలు చిన్నవైపోయాయి. చివరలు నల్లబడి, ఎండు కిందికి దిగింది. నాలుగు మొక్కలు చచ్చిపోయాయి. వ్యవసాయశాఖలో రిటైరైన మన సభ్యులొకరు చూసి, "వీటిని చంపింది మీ జాలేనండీ" అన్నారు. వారి దగ్గర నేర్చుకున్నదే మనవి చేస్తున్నాను.

ముందు, ఎప్పుడు? హైదరాబాదు వంటి చోట్ల వానలు వెనకబట్టాక, అక్టోబరు మధ్య నుండి నెలాఖరు లోపల. కోస్తావారు తుఫాను వానలు తెరిపి ఇచ్చేవరకు ఆగాలి. తడి రోజుల్లో కోస్తే గాయానికి తెగులు పడుతుంది. నడివేసవిలో గట్టిగా కోయరాదు. కోసిన సుమారు 45 రోజులకు పూలు వస్తాయి. సంక్రాంతికి కావాలంటే నవంబరు ఆఖరివారంలో కోయండి.

ఇక, ఎలా? మొదట ఎండినవి, పుల్లల్లాంటివి, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీసేయండి. పెద్ద పూల రకాలకు మూడు నాలుగు బలమైన కొమ్మలుంచి, అడుగున్నర ఎత్తుకు కోయండి. గుత్తిపూల రకాలకు ఇంకా తేలికగా కోయాలి. నాటు గులాబీకి, తీగ గులాబీకి ఎండు తీస్తే చాలు. బయటివైపు చూసే కన్నుకు పావు అంగుళం పైన, ఏటవాలుగా కోయాలి. లోపల బెండు తెల్లగా ఉంటే మంచిది. గోధుమరంగుంటే తెలుపు కనబడేదాకా కిందికి కోయండి.

మైలుతుత్తం, సున్నం చెరి 100 గ్రాములు. ఒక్కొక్కదాన్ని అరలీటరు నీటిలో విడివిడిగా కలిపి, తర్వాత రెండూ కలిపి, కోసినచోట పూయాలి. ప్లాస్టిక్ లేదా మట్టిపాత్రే వాడాలి. ఇనుము పనికిరాదు. రాలిన ఆకులు ఏరేసి, బాగా చివికిన పశువుల ఎరువు వేసి నీళ్ళు పెట్టండి.

ఇంకొక మాట. చనిపోయిన నాలుగింటిలో ఒకటి మొదట్లో జోరుగా చిగిర్చింది. బతికిందని సంబరపడ్డాను. అది అంటు ముడి కిందనుండి వచ్చిన కొమ్మ! మా ఆవిడ పెంచిన గులాబీ పైన ఎండిపోతుంటే, నేను అడుగునున్న నాటు మొక్కకు నీళ్ళు పోశాను. ఆకులు లెక్కపెట్టి నమ్మకండి. కొమ్మ ఎక్కడ పుట్టిందో మట్టి తీసి చూడండి. ముడి కిందిదైతే మొదలంటా పీకేయండి.

మనవాళ్ళలో షుగరున్నవారు ఎక్కువ. ముల్లు గుచ్చుకుంటే పుండు త్వరగా మానదు. దళసరి చేతితొడుగులు తప్పనిసరి. వంగలేనివారు కుండీని స్టూలుమీద పెట్టించుకోండి.

రికార్డు గదిలో ఆర్.డిస్. ఫైలు శాశ్వతం, ఎల్.డిస్. ఫైలు గడువు తీరాక చించివేత. రెండూ కలిపి దాస్తే కావలసినప్పుడు ఏదీ దొరకదు. సర్వీసంతా తెలిసిన ఈ సంగతి ఇంటికొచ్చి మరిచాను.

మిగిలిన ఏడు మొక్కలూ ఇప్పుడు పూస్తున్నాయి. ఏటా కోసిన కొద్దిరోజులకు ఎర్రటి చిగుళ్ళు కనబడతాయి. అది మొక్క ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్! మొదటి పువ్వు మా ఆవిడ పటానికి పెడతాను.