పెళ్లిలో చించేసిన పేజీలు: ఆ సీన్ నిజంగా జరిగిందా?

ఈరోజు నన్ను బాగా మోసం చేసిన ఒక లవ్ స్టోరీ గురించి చెప్తాను. నాది కాదులెండి, సినిమాలోది!

1933లో వచ్చిన జర్మన్ భాషా సినిమా అది. పేరు 'లైజె ఫ్లేయెన్ మైనె లీడర్'. 'నా పాటలు మెల్లగా వేడుకుంటున్నాయి' అని అర్థం. డైరెక్టర్ విల్లీ ఫోర్స్ట్‌కి ఇదే మొదటి సినిమా. వియన్నాలో పుట్టిన సంగీతకారుడు ఫ్రాన్జ్ షూబర్ట్ జీవితం మీద తీశారు. షూబర్ట్‌గా హన్స్ యారై, జమీందారు కూతురు కరోలీన్‌గా మార్తా ఎగర్ట్ చేశారు. ఆమె నిజంగానే సింగర్, తన పాటలు తనే పాడుకుంది.

కథ ఏంటంటే, పేద షూబర్ట్ ఒక పెద్దింట్లో పియానో వాయిస్తుంటే కరోలీన్ ఫక్కున నవ్వుతుంది. అతను వాయించడం ఆపేసి వెళ్లిపోతాడు. తర్వాత ఆమెకే సంగీతం నేర్పడానికి వెళ్తాడు, ఇద్దరూ ప్రేమలో పడతారు. కానీ ఆమె పెళ్లి వేరేవాడితో అవుతుంది. ఆ పెళ్లిలో షూబర్ట్ తన సింఫనీ వాయిస్తాడు. సరిగ్గా అప్పుడు నవ్విన చోటే ఇప్పుడు ఆమె ఏడుస్తుంది. అతను చివరి పేజీలు చించేస్తాడు. అందుకే అది 'అన్‌ఫినిష్డ్ సింఫనీ' అయిందట!

నిజం చెప్పొద్దూ, నేను పూర్తిగా నమ్మేశాను. స్టేటస్ కూడా పెట్టాను. తర్వాత తేదీలు చూస్తే దిమ్మ తిరిగింది.

షూబర్ట్ ఆ ఇంట్లో పాఠాలు చెప్పిన మాట నిజమే. 1818లో ఒకసారి, 1824లో ఇంకోసారి వెళ్లాడు. మొదటిసారి వెళ్లినప్పటికి కరోలీన్ చిన్నపిల్ల. ఆమెంటే అతనికి ఇష్టమని స్నేహితులు చెప్పుకున్నారు, 1828లో ఒక పియానో రచన ఆమెకి అంకితం కూడా ఇచ్చాడు. కానీ ఆమె పెళ్లి జరిగింది 1844లో. షూబర్ట్ చనిపోయింది 1828లో, 31 ఏళ్లకే. అంటే పెళ్లినాటికి అతను పోయి 16 ఏళ్లు!

మరి ఆ సింఫనీ సంగతేంటి? 1822లో రాయడం మొదలుపెట్టాడు. రెండు భాగాలు పూర్తి చేసి, మూడోది కొంత రాసి వదిలేశాడు. ఎందుకు వదిలేశాడో ఎక్కడా రాసిపెట్టలేదు. ఆ కాగితాలు హ్యూటెన్‌బ్రెన్నర్ అనే స్నేహితుడి ఇంట్లో దశాబ్దాలపాటు ఉండిపోయాయి. చివరికి 1865లో వియన్నాలో మొదటిసారి వాయించారు. రాసినవాడు మాత్రం దాన్ని ఆర్కెస్ట్రాలో ఒక్కసారి కూడా వినలేదు.

నాకైతే ఈ నిజమే ఆ సినిమా సీన్ కంటే ఎక్కువ బాధనిపించింది. పేజీలు చించడంలో ఒక హీరోయిజం ఉంది. కాగితాలు ఎవరింట్లోనో ఊరికే పడి ఉండటంలో ఏముంది చెప్పండి? దాన్ని సీన్‌గా తీయడం కష్టం. అందుకే సినిమావాళ్లు ఆ ఖాళీలో ప్రేమకథ పెట్టారు.

సినిమా చూడొద్దని కాదు ఫ్రెండ్స్. తప్పకుండా చూడండి, పాటలు చాలా బాగుంటాయి. కాకపోతే చూసేముందు ఆ రెండు భాగాలూ ఒకసారి వినండి, అరగంట కూడా పట్టదు. రెండోది చాలా మెల్లగా, ప్రశాంతంగా ముగుస్తుంది. విన్నాక, అది నిజంగా సగంలో ఆగినట్టు అనిపించిందో లేదో కింద కామెంట్‌లో చెప్పండి.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి!